ఫైలిన్ గాలి వేగం 215 కిలోమీటర్లా, 260 కిలోమీటర్లా?

2013 అక్టోబర్‌లో ఒడిశాలోని గంజాం తీరం వైపు వచ్చిన ఫైలిన్ తుఫానుకు రెండు లెక్కలున్నాయి. గాలి గరిష్ఠ వేగం గంటకు సుమారు 215 కిలోమీటర్లని భారత వాతావరణ శాఖ చెప్పింది. హవాయిలోని అమెరికా నౌకాదళ తుఫాను హెచ్చరిక కేంద్రం 260 అంది. వేగంలో తేడా 21 శాతమే. కానీ గాలి తోపుడు వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి గోడ మీద పడే దెబ్బలో తేడా 46 శాతం. పైగా 260 అంటే ఒడిశాలో దాదాపు పదివేల మందిని బలిగొన్న 1999 పెను తుఫానుకు వాతావరణ శాఖ కట్టిన వేగమే. బరంపురంలో ఆ సంఖ్య విన్నవాళ్ళ గుండె జారిపోవడంలో వింతేముంది?

రెండు కేంద్రాలూ ప్రధానంగా ఆధారపడింది ఉపగ్రహ చిత్రాల మీదే. అట్లాంటిక్‌లో అయితే విమానాలు తుఫానులోకి దూరి గాలిని కొలుస్తాయి. బంగాళాఖాతంలో ఆ ఏర్పాటు లేదు. అందుకే అమెరికా శాస్త్రవేత్త వెర్నన్ డ్వోరాక్ 1970లలో రూపొందించిన పద్ధతి వాడతారు. మేఘాల చుట్టు, మధ్యనున్న కన్ను ఆకారం, మేఘాల పైభాగపు ఉష్ణోగ్రత చూసి నిపుణుడు 1 నుంచి 8 వరకు, అర చొప్పున, ఒక మెట్టు ఇస్తాడు. 6 అంటే సుమారు 213 కి.మీ., ఆరున్నర అంటే 235, 7 అంటే 259.

ఇక పెను తుఫాను అనే పేరు 222 దగ్గర మొదలవుతుంది. అంటే అర మెట్టు ఎక్కిస్తే చాలు, పేరే మారిపోతుంది. భారత శాఖ 6 దగ్గర ఆగింది. మనవాళ్ళు మూడు నిమిషాల సగటు తీసుకుంటారు, అమెరికా వాళ్ళు ఒక నిమిషానిది. ఆ కారణంగా వచ్చే తేడా కొంతే, మిగిలింది అభిప్రాయభేదం. విమానాల కొలతలున్న అట్లాంటిక్‌లో ఈ పద్ధతిని సరిచూస్తే సగం సార్లు తప్పు 9 కి.మీ. లోపు, పదింట తొమ్మిది సార్లు 33 కి.మీ. లోపు ఉందని తేలింది. 215 అన్న మాటను అటూ ఇటూ అంత వెడల్పుతోనే చదవాలి.

ఎవరిది ఒప్పు? సముద్రం మీద తేల్చిచెప్పే కొలత లేదు. భారత వాతావరణ శాఖ ఆనాటి అధిపతి లక్ష్మణ్ సింగ్ రాథోడ్ తమ శాఖ అంచనాకే కట్టుబడి నిలిచారు. ఇప్పటికీ రెండు సంస్థల రికార్డుల్లో రెండు అంకెలూ అలాగే ఉన్నాయి.

అయినా జనాన్ని తరలించాలన్న నిర్ణయం ఆగలేదు. నేను గట్టిగా చెప్పదలచింది ఇదే: నిపుణులు విభేదించినప్పుడు ముందు అడగాల్సింది ఎవరు గెలిచారని కాదు, ఏ అంకె దగ్గర మన పని మారుతుందని. ఆర్యపల్లి, పొడంపేట, గోపాల్‌పూర్ లాంటి చోట్ల తెలుగు మత్స్యకార కుటుంబాలు అప్పుడు అలలకు ఆనుకుని బతికేవి. 215 అయినా 260 అయినా అక్కడ ఇల్లు ఖాళీ చేయాల్సిందే. ఉప్పెన మూడు, మూడున్నర మీటర్లు ఉండొచ్చన్నారు. తర్వాత పరిశీలిస్తే రెండు, రెండున్నర అని తేలింది. అదీ మనిషిని ముంచే నీరే. ఒడిశాలో సుమారు పది లక్షల మందిని తరలించారు. అక్టోబర్ 12 రాత్రి పదిన్నర ప్రాంతంలో తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. రెండున్నర లక్షలకు పైగా ఇళ్ళు దెబ్బతిన్నాయి. వెంట వచ్చిన వరదలతో కలిపి చనిపోయింది 40 మందికి పైగా.

ఐదేళ్ళకు అంకెలు తిరగబడ్డాయి. 2018 అక్టోబర్ 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర 140–150 కి.మీ. వేగంతో తీరం దాటింది. ఫైలిన్ కంటే ఎంతో బలహీనం. అయినా ఒడిశాలో 70 మందికి పైగా పోయారు. 1992 దాకా గంజాంలో భాగమైన గజపతి జిల్లాలో, బారఘర దగ్గర గుహలో తలదాచుకున్నవాళ్ళ మీద కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా చనిపోయారు. కొండ వాలు మీది ఊరి ప్రాణం గాలి వేగం మీద కాదు, వాన మీద ఆధారపడి ఉంది.

కొత్త సాధనాలనూ ఇలాగే విడదీసి తూచాలి. 2023లో పంగు-వెదర్, గ్రాఫ్‌కాస్ట్ అనే కృత్రిమ మేధ నమూనాలు వచ్చాయి. తుఫాను దారి చెప్పడంలో అవి పాత పద్ధతులతో పోటీ పడ్డాయి, చాలాచోట్ల మించాయి. కానీ గరిష్ఠ గాలి వేగాన్ని తక్కువగా చూపడం వాటికి అలవాటు. అవి లోకాన్ని సుమారు 28 కి.మీ. గళ్ళుగా చూస్తాయి, కంటి చుట్టూ ఉండే ఇరుకైన గాలి వలయం అందులో కరిగిపోతుంది. కాబట్టి ఛత్రపురంలోని గంజాం జిల్లా యంత్రాంగం దారి విషయంలో వాటి మాట వినొచ్చు. గాలి విషయంలో వాటి అంకెను కనీస హద్దుగా మాత్రమే పట్టుకోవాలి. వాన విషయంలో అయితే, గత తుఫాన్లలో ఏ బ్లాకులో ఎంత చెప్పారో, ఎంత కురిసిందో పక్కపక్కన పెట్టి చూపమని అడగాలి.