పసిఫిక్ వేడిమి, ధ్రువాకాశము

2015 వానకాలమున కృష్ణ యెగువ సీమలలో వర్షములు మొగము చాటువేయగా, విజయవాడ ప్రకాశం బ్యారేజీ దిగువనున్న ఆయకట్టు రైతులు నారుమళ్లకు నీరెప్పుడు వదలుదురా యని కాలువల వంక చూచుచుండిరి. ఆ సెప్టెంబరులోనే గోదావరి జలములు పోలవరం కుడికాలువ వెంట వచ్చి ఇబ్రహీంపట్నము చెంత కృష్ణలో కలిసెను. ఆ వర్షాభావమునకు ముఖ్యకారణములలో నొకటి ఎల్‌నినో. ఉష్ణమండల పసిఫిక్ మధ్య, తూర్పు భాగముల పైనీరు ఆ యేడాది చివరకు సాధారణముకంటె 2 సెంటీగ్రేడు డిగ్రీలకు మించి వేడెక్కి యుండెను. 1904లో భారత వాతావరణశాఖకు అధిపతియై వచ్చిన గిల్బర్ట్ వాకర్, మన ఋతుపవనముల రాకడను ముందుగా తెలిసికొను యత్నములో, పసిఫిక్, హిందూ మహాసముద్రములపై వాయుపీడనము ఒకవైపు హెచ్చినపుడు మరియొకవైపు తగ్గుచుండుటను, అనగా ఎల్‌నినోకు జంటయైన ఊగిసలాటను, 1920 దశకమున లోకమునకు వెల్లడించెను. మన వానలకై వెదకబోయినవానికి భూగోళపు గాలి యంతయు నొక్కటియేనని బోధపడుట విజ్ఞానచరిత్రలో నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము.

ఆ సముద్రపు వేడిమి మేఘములతో ఆగదు. వెచ్చని నీటితోపాటు వానమేఘములును తూర్పునకు జరుగగా, ఆవిరి మరల నీరగునపుడు వెలువడు గుప్తోష్ణము గాలిలో మహాతరంగములను రేపును; అవి ఉత్తరమునకు సాగి, అలాస్కా చెంతనుండు అల్యూషియన్ అల్పపీడనమును మరింత గాఢము చేసి, పైకెగయు తరంగములకు బలమిచ్చును. శీతకాలమున సూర్యుడు కానరాని ఉత్తరధ్రువముపై, సుమారు 10 మొదలు 50 కిలోమీటర్ల ఎత్తువరకు గల స్తరావరణములో, గాలి మిక్కిలి చల్లబడి, దానిచుట్టును ప్రచండమైన పడమటి గాలుల సుడి తిరుగుచుండును. వేల కిలోమీటర్ల పొడవుగల తరంగములే ఆ గాలులగుండ పైకి చొచ్చుకొనిపోగలవని 1961లో చార్నీ, డ్రాజిన్ నిరూపించిరి. పైకెగసిన తరంగములు అచట విరిగి సుడి వేగమును తగ్గించును. అంతట ధ్రువముపై గాలి క్రిందికి దిగి, సంపీడనమువలన వేడెక్కును. కొన్ని దినములలోనే 40 డిగ్రీలకు పైగా ఉష్ణము పెరుగు ఈ వింతను 1952లో బెర్లిన్‌లో షెర్హాగ్ అను శాస్త్రజ్ఞుడు మొదట గుర్తించెను. అదే సమయమున ఉష్ణమండలముపై గాలి పైకి లేచి చల్లబడును గనుక, మచిలీపట్నము వాతావరణకేంద్రమునుండి వదలు బెలూనులు చేరు ఎత్తులును, తిరుపతి చెంతనున్న గాదంకి పరిశోధనశాలలోని లైడారు శోధించు గగనమును ఈ కథకు బాహ్యములు కావు.

ఎల్‌నినో యేట ధ్రువపు సుడి బలహీనపడుట సాధారణమైన మొగ్గేగాని, తప్పని నియమము కాదు. కృష్ణ నెండగట్టిన ఆ 2015–16 ఎల్‌నినో అత్యంత బలమైనదైనను, ఆ శీతకాలమున ధ్రువ స్తరావరణము అసాధారణమైన చలితో నిలిచి, మార్చి ఆరంభమునగాని సుడి చెదరలేదు. ఎల్‌నినోకు ప్రతిగా పసిఫిక్ చల్లబడు లానినా ఛాయలున్న 2009 జనవరిలోనో, ఆ సుడి రెండుగా చీలిపోయెను. భూమధ్యరేఖపై సుమారు 28 నెలలకొక ఆవృత్తముగా దిశ మార్చుకొనుచు తిరుగు గాలులును, మంచు, పర్వతములును తమ వంతు బలము చూపును. ఈ సుడి చెదిరిన కొన్ని వారములకు ఐరోపా, అమెరికాలపై చలిగాలులు విరుచుకుపడుట కద్దు. కావుననే నేడు ఋతువారీ సూచనలు చేయు గణనయంత్ర నమూనాలలో పైకప్పును 50 కిలోమీటర్లకు మీదికి ఎత్తి, స్తరావరణమునంతయు చేర్చుకొనుచున్నారు.