వంటింటికి కొయ్యవంటి నేల

మన వంటిండ్లలో నేలను తుడుచు అలవాటుకంటె కడుగు అలవాటు పాతది. రాత్రి భోజనములైన పిమ్మట ఒక బిందెడు నీళ్లు కుమ్మరించి, చీపురుకట్టతో తూముదాక నెట్టివేసిననే గాని మా అమ్మగారికి వంటిల్లు శుభ్రపడినట్లు తోచదు. బేతంచెర్ల రాళ్లు, తాండూరు రాళ్లు పరచిన ఇండ్లలో ఈ పద్ధతి నిరాటంకముగ సాగినది. రాతికి నీటితో పేచీ లేదు. ఇప్పుడు కొత్తగా ఇండ్లు కట్టుకొనువారు చాలమంది టేకు చెక్కవలె కనుపించు నేలను కోరుచున్నారు. ఆ కోరికలో తప్పేమియు లేదు. కొయ్య రంగు కంటికి హాయి. అయితే ఆ రంగు క్రింద ఉన్న పదార్థమేదో తెలిసికొనకుండ కొనరాదు.

నా అనుభవమే చెప్పెదను. మూడేండ్ల క్రిందట మా వంటింటికి లామినేట్ పలకలు వేయించితిమి. నీటికి తట్టుకొనునని అంగడివారు హామీ ఇచ్చిరి. వారు బొత్తిగా అబద్ధమాడలేదు. పలకపై పడిన నీటిని వెంటనే తుడిచినచో ఏమియు కాలేదు. కాని సింకు క్రింది గొట్టము సన్నగా కారుచుండగా మేము వారము దినములు గమనింపలేదు. పలకల అంచులు ఉబ్బి లేచినవి. ఆరిన తరువాతనైనను అణగలేదు. ఒకనాటి తెల్లవారుజామున ఆ అంచు కాలికి తగిలి అమ్మగారు తూలి, స్టవ్వు గట్టు పట్టుకొని నిలద్రొక్కుకొనిరి. డెబ్బది యెనిమిదేండ్ల మనిషి. గట్టు అందకపోయిన ఏమయ్యెడిదో తలచుకొనుటకే భయము.

ఇట్లెందుకు జరిగినది? లామినేట్ పలకలో పైన గట్టి పారదర్శకమైన పొర, దాని క్రింద కొయ్య చారలు అచ్చువేసిన కాగితము, నడుమ కొయ్యపీచును జిగురుతో అదిమి చేసిన దిమ్మ ఉండును. నీరు పైపొర గుండా దిగదు. అతుకులలోనుండి నడిమి పీచును చేరును. పీచు నీరు పీల్చి ఉబ్బును. పైగా అది కొయ్యయే గనుక చెదలకు మంచి ఆహారము. ఈ తరహా నేల 1977లో స్వీడన్ దేశమున రూపొందినది. మన బిందెను ఎరిగి పుట్టినది కాదు. కావున, నీటికి తట్టుకొనునది వేరు, నీరు చొరనిది వేరు అని ముందుగా గ్రహింపవలెను. మొదటిదానికి గడువుండును. ఎన్ని గంటలు, అంచులకు కూడ వర్తించునా అని అడుగవలెను. అంతకంటె సులభమైన పరీక్ష ఒకటి కలదు. నమూనా ముక్క నొకదానిని ఇంటికి తెచ్చి, అంచు మందము కొలిచి, ఒక పగలు ఒక రాత్రి నీటిగిన్నెలో ముంచి, మరల కొలిచి చూడవలెను.

ఈ పరీక్షలో నెగ్గునది ఎస్.పి.సి. అను వినైల్ పలక. సున్నపురాతి పొడిని పి.వి.సి.తో కలిపి దీని దిమ్మను చేయుదురు. ఇది ఉబ్బదు, చెదలు తినవు. పైపొర అర మిల్లీమీటరు మందమున్నది కొనుట మేలు. కాని పలక ఉబ్బదన్నంత మాత్రమున నేల కంతటికి నీటి భయము లేదనుకొనరాదు. బిందెడు నీళ్లు పోసినచో కొంత అతుకుల గుండా, గోడ ప్రక్కనుండి అడుగునకు దిగి, ఆరు దారిలేక ముక్కకంపు పుట్టించును. క్రింది అంతస్తులలో నేల చెమ్మయు ఇదే పని చేయును. పలకలు వేయుటకు ముందు గచ్చుపై ప్లాస్టిక్ కాగితము పరచి, నాలుగు అంచులును అంటించి, మరునాడు తీసి చూచిన చెమ్మ ఉన్నదీ లేనిదీ తెలియును. మరియొక మాట: స్టవ్వు మీదనుండి దించిన బాణలిని వినైల్ పై పెట్టినచో మచ్చ పడును. ఆ మచ్చ పోదు. తడిగుడ్డతో తుడుచుకొను అలవాటున్న ఇండ్లకు మాత్రము ఇది చక్కని నేల.

కడుగక మానని ఇండ్లకు పోర్సలేన్ టైల్సే శరణ్యము. కొయ్య చారలు అచ్చువేసిన ఈ పొడుగు పలకలు గుజరాతులోని మోర్బీనుండి మనకు విరివిగా వచ్చుచున్నవి. పోర్సలేన్ అనిపించుకొనుటకు టైలు తన బరువులో నూటికి అరవంతుకంటె, అనగా 0.5 శాతముకంటె, ఎక్కువ నీరు పీల్చరాదు. పెట్టెపై ఆ అంకె చూడవలెను. నున్నగా మెరయునది వంటింటికి పనికిరాదు. నూనె, నీరు కలిసినచోట కాలు జారును. జారుడును తెలుపు గుర్తులు R9 నుండి R13 వరకు ఉన్నవి. మనకు R10 తగినది. అంతకు మించి గరుకైనచో మురికి పట్టి కడుగువారి ఓపిక హరించును.

పొడుగు టైల్స్ నడుమ కొంచెము వంగి ఉండును. కావున ఒక వరుస అతుకు ప్రక్క వరుస టైలు సరిగా నడిమికి రాకుండ, మూడవ వంతు దగ్గరకు వచ్చునట్లు పరపించవలెను. లేనిచో అంచులు లేచి, మా అమ్మగారికి తగిలిన దెబ్బయే మరల తగులును. సందులలో సిమెంటు గ్రౌటు నింపినచో నెల తిరుగకముందే పసుపు, నూనె మరకలు పట్టును. ఎపాక్సీ గ్రౌటు ఖరీదెక్కువే. అయినను వంటింటివరకు దానికి వెనుకాడరాదు.

మేము గత సంవత్సరము లామినేట్ ను తీయించి, గచ్చుకు తూమువైపు వాటము సరిచేయించి, R10 పోర్సలేన్ వేయించితిమి. వాటము సంగతి మేస్త్రీకి ముందే చెప్పవలెను. టైల్స్ పరచిన తరువాత దానిని దిద్దుటకు వీలులేదు. అదే తయారీ సంఖ్యగల టైల్స్ నాలుగైదు అటక మీద దాచియుంచితిమి. తరువాతి తయారీలో అదే రంగు దొరకుట కష్టము. అమ్మగారు బిందె మరల చేతబట్టినారు.