దూరం నుంచి బండిని గుర్తుపట్టే గేటు: రీడర్ బిగింపు, వైరింగు



హోసూరు నుంచి బెంగుళూరు వైపు కారులో వెళ్ళేవారికి అత్తిబెలె టోలు గేటు కొత్త కాదు. బండి ముందు అద్దానికి అంటించిన చీటీని పైనున్న పెట్టె గుర్తుపడుతుంది, అడ్డకర్ర లేస్తుంది, బండి సాగిపోతుంది. ఫాస్టాగ్ అనే ఆ చీటీ 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల టోలు గేట్ల దగ్గర తప్పనిసరి అయింది. అది అలవాటయ్యాక, మన గేటుకు కూడా ఇలాంటిది ఉంటే బాగుండునని అపార్టుమెంటు సంఘాలవారికి, బియ్యం మిల్లుల యజమానులకు, లేఅవుటు కార్యదర్శులకు అనిపించడం సహజమే. సామాను దొరుకుతోంది, బిగించే కుర్రవాళ్ళూ ఉన్నారు. అయితే బిగించిన నెలకే వాచ్‌మన్ మళ్ళీ చేత్తో గేటు ఎత్తుతూ కనబడే చోట్లు కూడా తక్కువేమీ కాదు. ఎందుకలా అవుతుంది, కాకుండా ఏం చూసుకోవాలి అన్నది ఈ రోజు మీకు మనవి చేస్తాను. మీరు స్వయంగా స్క్రూడ్రైవర్ పట్టకపోయినా, పట్టినవాడి పక్కన నిలబడి నాలుగు ప్రశ్నలు అడగడానికి ఇది పనికి వస్తుంది.

ముందు దీని కిటుకు చూద్దాం. బండికి అంటించే చీటీని టాగ్ అంటారు. అందులో బ్యాటరీ లేదు. ఆవగింజకన్నా చిన్న చిప్పు ఒకటి, దానికి రెండు పక్కలా పల్చటి లోహపు రేకుతో చేసిన ఏంటెన్నా, అంతే. స్తంభం మీది పెట్టెను రీడర్ అంటారు. అది రేడియో తరంగాలను వదులుతుంది. ఆ తరంగాల శక్తితోనే చిప్పు మేలుకుని, వచ్చిన తరంగాన్ని కొద్దిగా మార్చి వెనక్కు తిప్పి కొడుతుంది. చిన్నప్పుడు అద్దం ముక్కతో ఎండను ఎదుటివాడి మొహం మీదికి కొట్టే ఆట ఆడే ఉంటారు. అద్దాన్ని ఆడించి సైగలు చేయవచ్చు కదా, ఇదీ అంతే. వెలుగు సూర్యుడిది, సైగ మనది. ఇలా తిరిగి వచ్చిన శక్తితో కబురు పంపవచ్చని హ్యారీ స్టాక్‌మన్ అనే ఇంజనీరు 1948లోనే వ్యాసం రాశాడు. చీటీ ఇంత చవకగా తయారు కావడానికి మాత్రం మరో యాభై ఏళ్ళు పట్టింది.

కొనేటప్పుడు అందరూ అడిగే మొదటి ప్రశ్న, "ఎంత దూరం చదువుతుంది?" అని. అమ్మేవాడు పన్నెండు మీటర్లంటాడు, పక్క దుకాణంవాడు పదిహేనంటాడు. మనం పదిహేనుకు మొగ్గుతాం. నిజానికి మనకు అంత దూరం అక్కర లేదు. ఎందుకో లెక్క చూడండి. గేటు దగ్గర బండి గంటకు 5 కిలోమీటర్ల వేగంతో, అంటే మనిషి నడక వేగంతో వస్తోందనుకుందాం. అది సెకనుకు 1.4 మీటర్లు. అడ్డకర్ర లేవడానికి 3 సెకన్లు పడితే బండి ఆ లోపల 4 మీటర్ల పైచిలుకు వస్తుంది. కాబట్టి గేటుకు నాలుగైదు మీటర్ల ముందు టాగ్ చదివితే చాలు. బండి 10 కిలోమీటర్ల వేగంతో వస్తే 8 మీటర్లు కావాలి, నిజమే. కానీ దానికి మందు ఇంకా ఖరీదైన రీడర్ కాదు, గేటుకు పది మీటర్ల ముందు ఒక స్పీడ్ బ్రేకరు.

దూరం ఎక్కువైతే నష్టం ఉంది. గేటు పక్కన నిలబెట్టిన కారును రీడర్ మాటిమాటికీ చదువుతుంది, గేటు ఊరికే లేస్తూ ఉంటుంది. బయటికి వెళ్ళే దారిలోని బండిని లోపలికి వచ్చే దారి రీడర్ చదివేస్తుంది. మీ బండి ఎదురుగా రోడ్డు మీద వెళుతుంటే చాలు, గేటు తెరుచుకుని వెనకాలే ముక్కూమొహం తెలియనివాడు లోపలికి వచ్చేస్తాడు. అందుకని బిగించాక రీడర్ శక్తిని తగ్గించుకోవాలి. ఇక్కడ ఒక సూత్రం గుర్తుంచుకోండి: శక్తిని నాలుగో వంతు చేస్తే దూరం సగమవుతుంది. సెట్టింగులో 30 అన్న అంకె ఉంటే అది ఒక వాటు, 24 అంటే దాదాపు పావు వాటు. అలాగే ఒకే టాగ్‌ను ఎన్ని సెకన్లకొకసారి మళ్ళీ లెక్కలోకి తీసుకోవాలో చెప్పే సెట్టింగు కూడా ఉంటుంది. దాన్ని అలాగే వదిలేయకండి.

సెట్టింగుల మాట వచ్చింది గనుక ఇంకొకటి. మన దేశంలో ఈ పనికి 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న తరంగాలను లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని 2005లో కేంద్ర ప్రభుత్వం అనుమతించింది, ఒక వాటుకు మించకూడదన్న షరతుతో. విదేశాల నుంచి దిగిన చవక పెట్టెలు కొన్ని అమెరికా పద్ధతిలో 902 నుంచి 928 వరకు పెట్టి వస్తాయి. ఆ వరసలో కొంత మన సెల్‌ఫోన్లకు కేటాయించిన భాగం. బిగించే కుర్రవాణ్ణి "దేశం ఇండియా అని మార్చావా?" అని ఒక్క మాట అడగండి. మార్చడానికి రెండు నిమిషాలు పట్టదు.

ఇక రీడర్‌ను ఎక్కడ నిలబెట్టాలి. కార్లు మాత్రమే వచ్చే గేటయితే రెండు, రెండున్నర మీటర్ల ఎత్తున, దారికి పక్కగా స్తంభం మీద, వచ్చే బండి ముందు అద్దం వైపు మొహం పెట్టి, కొంచెం కిందికీ కొంచెం దారి లోపలికీ వంచి బిగిస్తారు. లారీ డ్రైవరు అద్దం ఎత్తు వేరు. సింధనూరు, గంగావతి వైపు మిల్లుల్లో వడ్ల లారీ, యజమాని కారు ఒకే గేటులోంచి వస్తాయి. అలాంటి చోట స్తంభం ఇంకాస్త ఎత్తుండాలి, రెండు రకాల బండ్లతోనూ చూశాకే బోల్టులు గట్టిగా బిగించాలి. రీడర్‌కు ఎదురుగా ఇనుప రేకుల షెడ్డు, రేకు గేటు లాంటివి లేకుండా చూసుకోండి. ఇనుము తరంగాన్ని తిప్పి కొడుతుంది. నేరుగా వచ్చిన తరంగం, తిరిగి వచ్చిన తరంగం ఒకదాన్నొకటి చంపుకునే చోట్లు ఏర్పడతాయి. అక్కడ ఆగిన బండిని రీడర్ గుర్తుపట్టదు, ఒక జానెడు ముందుకు జరిగితే గుర్తుపడుతుంది. ఈ తరంగం పొడవు దాదాపు 35 సెంటీమీటర్లు కావడమే ఆ జానెడులోని రహస్యం. బండి ఆగీ ఆగకుండా మెల్లగా కదులుతూ ఉంటే ఈ బెడద చాలావరకు తెలియకుండా పోతుంది.

టాగ్ అంటించే చోటు కూడా అంత ముఖ్యమే. ముందు అద్దం పైభాగాన, వెనక చూసుకునే అద్దం చాటున అంటించడం మంచిది. కొన్ని ఖరీదైన కార్ల అద్దాలకు ఎండ వేడి తగలకుండా సన్నటి లోహపు పూత ఉంటుంది. ఆ పూత తరంగాన్ని ఆపేస్తుంది. అలాంటి కార్లలో పూత లేని చిన్న చోటు వదిలి ఉంటే, టాగ్ అక్కడే అంటించాలి. ఫాస్టాగ్ ఉన్న కారుకు రెండో టాగ్ అంటించేటప్పుడు రెండింటి మధ్య జానెడు ఎడమ ఉంచండి. పక్కపక్కనే ఉంటే ఒకదాని బలం ఒకటి లాగేసుకుంటుంది. ట్రాక్టరుకు అద్దమే ఉండదు. ఇనుము మీద అంటించడానికి దళసరి టాగులు వేరే ఉన్నాయి. మామూలు చీటీని ఇనుము మీద అంటిస్తే అది మూగదైపోతుంది. కొన్ని చోట్ల వేరే టాగ్ లేకుండా ఫాస్టాగ్‌నే గేటుకు కూడా వాడుకుంటారు. డబ్బులు పోతాయేమోనని భయపడనక్కర లేదు. డబ్బు తీసుకోవడానికి టోలు గేటువారి బ్యాంకు ద్వారా లెక్క నడవాలి. ఊరికే నెంబరు చదివినంత మాత్రాన రూపాయి పోదు.

ఇప్పుడు తీగల సంగతి. రీడర్ చెడిపోయిందని పెట్టెలో పెట్టి వెనక్కి పంపే సందర్భాల్లో చాలావాటికి అసలు దోషం కరెంటు తీగది. లెక్క చెబుతాను, కాగితం దగ్గరుంటే రాసుకోండి. రీడర్‌కు 12 వోల్టుల డి.సి. కావాలి. పని చేసేటప్పుడు అది ఒకటిన్నర ఆంపియరు లాగుతుందనుకుందాం. వాచ్‌మన్ గదిలోని సప్లయి నుంచి స్తంభానికి 30 మీటర్లు. కరెంటు వెళ్ళాలి, తిరిగి రావాలి, కాబట్టి తీగ పొడవు 60 మీటర్లు. అర చదరపు మిల్లీమీటరు సన్న తీగ వేస్తే దాని నిరోధం 2.3 ఓములు. అందులోనే 3.5 వోల్టులు హరించుకుపోతాయి. రీడర్ దగ్గరికి చేరేది ఎనిమిదిన్నర వోల్టులే. ఒకటిన్నర చదరపు మిల్లీమీటరు రాగి తీగ వేస్తే పోయేది 1.2 వోల్టులు, చేరేది 10.8. పెట్టెతో వచ్చిన కాగితంలో కనీసం ఎన్ని వోల్టులు ఉండాలో రాసి ఉంటుంది, దానితో పోల్చి చూడండి. వచ్చిన చిక్కేమిటంటే, ఖాళీగా ఉన్నప్పుడు రీడర్ తక్కువ కరెంటు లాగుతుంది. దీపం వెలుగుతుంది, అంతా బాగున్నట్టే కనబడుతుంది. బండి వచ్చి పూర్తి శక్తితో చదవబోయేసరికి వోల్టేజి పడిపోయి ఆరి మళ్ళీ వెలుగుతుంది. కాబట్టి మీటరు పెట్టి చూసేటప్పుడు రీడర్ చదువుతుండగా, స్తంభం దగ్గర చూడాలి. గదిలో చూసి లాభం లేదు.

నెంబరును కంట్రోలరుకు చేరవేసే తీగలు వేరు. ఎక్కువగా వాడేది వీగాండ్ పద్ధతి. అందులో ఆకుపచ్చ తీగ డేటా సున్నా, తెల్ల తీగ డేటా ఒకటి, నల్లది గ్రౌండు. ఈ రెండు రంగులూ తారుమారైతే రీడర్ కూత పెడుతుంది, నెంబరు మాత్రం తప్పు పోతుంది. రీడర్‌కు ఒక సప్లయి, కంట్రోలరుకు మరో సప్లయి ఉంటే రెండింటి నల్ల తీగలనూ తప్పకుండా కలపాలి. కలపకపోతే ఒకరోజు పని చేసి, ఇంకోరోజు మొరాయిస్తుంది. వీగాండ్‌కు 150 మీటర్లు హద్దు. అంతకన్నా దూరమైతే ఆర్.ఎస్. 485 అనే పద్ధతిలో మెలివేసిన జత తీగ వాడాలి. అది 1200 మీటర్ల దాకా పోతుంది. కవచం ఉన్న కేబులు వేసి, ఆ కవచాన్ని ఒక్క కొసనే ఎర్తుకు కలపండి. మోటారుకు పోయే 230 వోల్టుల తీగను, ఈ డేటా తీగను ఒకే పైపులో దూర్చడం మహా పాపమనుకోండి. మూరెడు ఎడం లేకుండా పక్కపక్కన నడపవద్దు. దాటవలసి వస్తే అడ్డంగా దాటించండి.

వీగాండ్‌లో ఒక లోపం ఉంది. సాధారణంగా వాడే 26 బిట్ల పద్ధతిలో నెంబరుకు దక్కేది 24 బిట్లే. టాగ్‌లో ఉన్నది 96 బిట్లు. అంటే పొడుగాటి ఇంటిపేరుతో ఉన్న పేరును చివరి రెండక్షరాలకు కత్తిరించినట్టు. వేరువేరు చోట్ల కొన్న రెండు టాగులు గేటు దృష్టిలో ఒకటే అయిపోవచ్చు. టాగులన్నీ ఒకేచోట కొని, వరస నెంబర్లు వేయించుకుంటే ఈ గొడవ ఉండదు. ఇల్లు ఖాళీ చేసినవారి నెంబరును ఆ రోజే తీసేయాలి. ఒక మాట మరిచిపోవద్దు, గేటు గుర్తుపట్టేది చీటీని, బండి నడిపే మనిషిని కాదు. మామూలు టాగ్ నెంబరును పరికరం ఉన్నవాడు నకలు తీయగలడు కూడా. వాచ్‌మన్‌ను మాన్పించడానికి ఇది సాధనం కాదని నా అభిప్రాయం.

అన్నిటికన్నా జాగ్రత్తగా చేయవలసింది అడ్డకర్ర కలిపే పని. కంట్రోలరు రిలేలోని ఎన్.ఓ., కామన్ అనే రెండు కొసలను అడ్డకర్ర పెట్టెలో తెరువు అని రాసి ఉన్న బిందువులకు కలుపుతారు. రిలే ఒక్క సెకను మూసుకుంటే చాలు, మీట నొక్కి వదిలినట్టు. మోటారు కరెంటును ఆ రిలేలోంచి ఎన్నడూ నడపకండి. కర్ర ఎత్తడం ఎవరైనా నేర్పుతారు. దించడంలోనే ప్రమాదం ఉంది. ఇన్ని సెకన్లకు దిగిపో అని టైమరు పెట్టి వదిలేస్తే, కింద స్కూటరు ఉన్నా, సైకిలు మీద పిల్లవాడున్నా అది దిగిపోతుంది. అందుకే అడ్డకర్ర కింద రోడ్డును సన్నగా కోసి, అందులో తీగ చుట్టలు మూడు నుంచి ఐదు దాకా వేసి లూప్ పెడతారు. పైన ఇనుము ఉన్నంతసేపు కర్ర దిగదు. లూప్ నుంచి పెట్టె దాకా వచ్చే రెండు కొసలనూ బాగా మెలివేయాలి, లేకపోతే అబద్ధపు సంకేతాలు వస్తాయి. కాని లూప్ కారును పట్టినంత గట్టిగా మోటారు సైకిలును పట్టదు, నడిచే మనిషిని అసలే పట్టదు. దానికి అడ్డంగా కంటికి కనబడని కిరణం పంపే ఫోటోసెల్ ఒకటి, దేనికైనా తగిలితే తిరిగి పైకి లేచే ఏర్పాటు ఒకటి ఉండి తీరాలి. ఖర్చు తగ్గించమని మీరు అడిగినప్పుడు ముందుగా కోత పడేవి ఈ రెండే. వాటిని మాత్రం వదులుకోకండి. కావాలంటే రీడర్‌లో చవకది తీసుకోండి.

ఊరిని బట్టి మరికొన్ని జాగ్రత్తలు. రాయగడ, కొరాపుట్ వైపు పిడుగుల కాలంలో స్తంభానికి మంచి ఎర్తు, తీగలకు సర్జ్ రక్షణ లేకపోతే ఒక్క వానకే అన్నీ పోతాయి. యానాంలో, బరంపురంలో ఉప్పు గాలికి టెర్మినళ్ళు పచ్చబడతాయి. నీరు పోని పెట్టె వేసి, ఆరు నెలలకొకసారి తెరిచి తుడవండి. బళ్ళారి ఎండకు పల్చటి ప్లాస్టిక్ గొట్టం పగులుతుంది.

పని అయిపోయిందని డబ్బు చెల్లించే ముందు, కారు, లారీ, మోటారు సైకిలు మూడింటినీ పదేసి సార్లు నడిపించి, ఎక్కడ చదివిందో సుద్దముక్కతో రోడ్డు మీద గీత గీయించండి. గీతలు మీటరు లోపల దగ్గరగా పడితే పని కుదిరినట్టు. అడ్డకర్ర కింద ఖాళీ అట్టపెట్టె పెట్టి, దిగుతూ తగిలితే లేస్తుందో లేదో చూడండి. ఆ తర్వాత మెయిన్ ఆపించి, బ్యాటరీ మీద ఎంతసేపు నడుస్తుందో గడియారం పెట్టుకుని చూడండి. బ్యాటరీ కూడా అయిపోతే కర్రను చేత్తో ఎత్తే తాళంచెవి ఒకటి ఇస్తారు. అర్ధరాత్రి అంబులెన్సు వచ్చినప్పుడు కావలసింది అదే. దాన్ని కార్యదర్శి బీరువాలో కాకుండా వాచ్‌మన్ గదిలో మేకుకు తగిలించండి. ఎలా తిప్పాలో రాత్రి డ్యూటీవాడి చేత ఒకసారి చేయించి చూడండి.