పాస్‌పోర్టు ఎక్కడ ఆగింది?

పీలేరు, మదనపల్లె, రాయచోటి, రాజంపేట. ఈ వైపు ఊళ్లలో ఏ వీధిలో అడిగినా కువైట్‌కు పోయిన మనిషి ఒకరన్నా ఉంటారు. మగవాళ్లు డ్రైవర్లుగా పోతారు. ఆడవాళ్లు ఇంటి పనికి పోతారు. "నాలుగేండ్లు కష్టపడితే అప్పు తీరుతుంది, బిడ్డ పెండ్లి అవుతుంది" అనుకొని పోతారు.

పోవాలంటే ముందు పాస్‌పోర్టు కావాలి. దానికోసం తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రానికి పోతారు. అక్కడ ఫొటో తీస్తారు. వేలిముద్రలు తీసుకుంటారు. కాగితాలు చూస్తారు. ఒక రసీదు ఇచ్చి పంపుతారు. ఇంటికి వచ్చినాక వారం గడుస్తుంది. నెల గడుస్తుంది. పాస్‌పోర్టు రాదు. ఏజెంటు మాత్రం ఫోను చేస్తూనే ఉంటాడు. "వీసా పోతుందమ్మా, తొందర చెయ్" అంటాడు. తెచ్చిన డబ్బుకు వడ్డీ పెరుగుతూ ఉంటుంది.

మరి పాస్‌పోర్టు ఎక్కడ ఆగింది? చాలాసార్లు అది పోలీసు విచారణ దగ్గర ఆగుతుంది.

పాస్‌పోర్టు అంటే మన ప్రభుత్వం ఇచ్చే సాక్ష్యం. "ఈ మనిషి మా దేశం మనిషి" అని వేరే దేశానికి చెప్పే పుస్తకం. దీనికి 1967లో చేసిన చట్టం ఉంది. సాక్ష్యం చెప్పేముందు ప్రభుత్వం విచారించుకుంటుంది. ఈ మనిషి మన దేశస్థురాలేనా? ఆమె మీద కోర్టులో కేసులున్నాయా? చెప్పిన చిరునామాలో ఉంటున్నదా? ఇవి తేల్చే పని పోలీసులది.

అర్జీ తిరుపతి నుంచి నేరుగా ఊరి స్టేషనుకు రాదు. ముందు జిల్లా ఎస్.పి. ఆఫీసుకు పోతుంది. అక్కడి నుంచి స్టేషనుకు వస్తుంది. కానిస్టేబుల్ ఇంటికి వస్తాడు, లేదా స్టేషనుకు పిలుస్తాడు. కాగితాలు చూస్తాడు, ఇరుగుపొరుగును అడుగుతాడు, సంతకం తీసుకుంటాడు. ఆ నివేదిక మళ్లీ ఎస్.పి. ఆఫీసుకు పోయి, అక్కడి నుంచి పాస్‌పోర్టు ఆఫీసుకు చేరాలి. ఇప్పుడు ఇదంతా కంప్యూటరులోనే జరుగుతుంది. పోలీసులు 21 రోజుల్లో ముగించాలని లెక్క. కానీ కంప్యూటరు వచ్చినా మనిషి కదలాలి గదా. బందోబస్తు ఉంటే, తిరుమల బ్రహ్మోత్సవాలు ఉంటే, ఎన్నికలు ఉంటే స్టేషనులో ఈ పని వెనకబడుతుంది.

ఇది పోలీసుల వైపు ఆలస్యం. మన వైపు ఆలస్యం కూడా ఉంది.

కానిస్టేబుల్ వచ్చే వేళకు ఆమె కూలికి పోయి ఉంటుంది. ఇంటికి తాళం. పక్కింటివాళ్లను "ఈమె యాడికి పోయింది?" అని అడుగుతాడు. పోలీసును చూసి వాళ్లకు భయం. "ఏమో సార్, మాకు తెలీదు" అంటారు. మేలు చేయబోయి కీడు చేసినట్టే. "ఆ చిరునామాలో మనిషి లేదు" అని నివేదిక పోతుంది. అందుకే అర్జీ పెట్టిన రోజే పక్కింట్లో చెప్పిపెట్టాలి.

ఆడవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. పుట్టినింట్లో ఒక ఇంటిపేరు, మెట్టినింట్లో ఇంకో ఇంటిపేరు. ఆధారులో పుట్టినూరి చిరునామా, రేషను కార్డులో అత్తగారి ఊరు, ఉండేది తిరుపతిలో బాడుగ ఇంట్లో. ఒక కాగితంలో నాగమ్మ, ఇంకో కాగితంలో నాగమ్మాళ్. ఒకచోట పుట్టిన సంవత్సరం 1985, ఇంకోచోట 1988. రాసినవాళ్లు ఎవరో, నోటికి వచ్చినట్టు చెప్పినవాళ్లు ఎవరో. ఇవాళ ఇబ్బంది పడేది ఆమె. అర్జీకి ముందే ఈ కాగితాలన్నీ ఒకటి చేసుకోవాలి. పెండ్లి సర్టిఫికెట్టు లేదని మాత్రం బెంగపడే పని లేదు. 2016 డిసెంబరులో ఆ నిబంధన తీసేశారు. విడాకులు తీసుకున్న ఆమె మాజీ భర్త పేరు రాయాల్సిన పని కూడా లేదని అప్పుడే చెప్పారు.

జిల్లా పేరు కూడా చూసుకోవాలి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది. చంద్రగిరి, శ్రీకాళహస్తి అంతకు ముందు చిత్తూరు జిల్లాలో ఉండేవి. పాత కాగితాల్లో ఇంకా చిత్తూరు అనే ఉంటుంది. అర్జీలో పాత జిల్లా, తప్పు స్టేషను రాస్తే అది వేరే ఎస్.పి. ఆఫీసుకు పోయి తిరిగి రావాలి.

గట్టు తగాదాలో కేసు పెట్టుకున్న ఇళ్లు మన పల్లెల్లో తక్కువేమీ కాదు. క్రిమినల్ కేసు కోర్టులో నడుస్తుంటే పాస్‌పోర్టు ఆపవచ్చు. అయితే దారి మూసుకుపోలేదు. 1993లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఆ కోర్టులోనే అనుమతి తెచ్చుకుంటే పాస్‌పోర్టు ఇవ్వవచ్చు. కేసును దాచిపెట్టడమే పెద్ద తప్పు. అబద్ధం రాస్తే రెండేళ్ల దాకా జైలు, అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చని చట్టంలో ఉంది. "మా చుట్టాల చిరునామా పెడతాను, తొందరగా అవుతుంది" అని ఏజెంటు అంటాడు. పట్టుబడితే కేసు సంతకం పెట్టిన ఆమె మీద పడుతుంది.

మామూలు పాస్‌పోర్టుకు 1500 రూపాయలు కట్టాలి. తత్కాల్ అయితే ఇంకో 2000. పోలీసు విచారణకు వేరే రుసుము లేదు. "టీ ఖర్చులు" అని ఎవరన్నా అడిగితే అది లంచం.

21 రోజులు దాటితే ఊరికే కూర్చోకూడదు. రసీదు మీద ఫైలు నెంబరు ఉంటుంది. 1800-258-1800కు ఫోను చేసి ఆ నెంబరు చెబితే ఫైలు ఎక్కడుందో చెబుతారు. ఈ ఫోనుకు డబ్బు పడదు. పోలీసుల దగ్గరే ఉందంటే ఎస్.పి. ఆఫీసులో అడగాలి. ఇంటికి తాళం ఉందని రాసి ఉంటే మళ్లీ విచారణ చేయమని పాస్‌పోర్టు ఆఫీసును కోరవచ్చు. మన జిల్లాలకు పెద్ద ఆఫీసు విజయవాడలో ఉంది. అక్కడి నుంచి సంజాయిషీ అడుగుతూ ఉత్తరం వస్తే జవాబు రాయాలి. రాయకపోతే ఫైలు మూసేస్తారు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద కూడా అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి దీనికి రుసుము లేదు.

పాస్‌పోర్టు ఇవ్వం అంటే కారణం రాసి ఉంచాలి. అడిగితే సాధారణంగా ఆ నకలు ఇవ్వాలి. పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. 1977లో మేనకా గాంధీ పాస్‌పోర్టును ప్రభుత్వం తీసుకుంది, కారణం చెప్పలేదు. ఆమె సుప్రీంకోర్టుకు పోయింది. విదేశానికి పోవడం మనిషి స్వేచ్ఛలో భాగమని, న్యాయమైన పద్ధతి లేకుండా దాన్ని ఆపకూడదని 1978లో కోర్టు చెప్పింది.

ఈ విచారణ బాధ పేదలకే కాదు. అమెరికాలో ఇంజనీర్లకూ తప్పలేదు. 2001 తర్వాత అక్కడ పౌరసత్వం అడిగినవారి పేర్లను ఎఫ్.బి.ఐ. అనే పోలీసు సంస్థ తన ఫైళ్లన్నింటిలో వెతికింది. అదే పేరు ఇంకో ఫైలులో కనబడితే ఆ పాత ఫైలు తెప్పించి చూడాలి. కొందరికి ఇలా ఏండ్లు పట్టింది. కోర్టుకు పోయినవాళ్లూ ఉన్నారు. గ్రీన్ కార్డు అడిగినవారి విషయంలో 2008 ఫిబ్రవరిలో ఒక మార్పు వచ్చింది. పేరు వెతుకులాట 180 రోజులు దాటితే, మిగిలినవన్నీ సరిగా ఉంటే, కార్డు ఇవ్వవచ్చన్నారు. పేరే చిక్కు, ఇక్కడా అక్కడా.

సేవా కేంద్రంలో సంతకానికి ముందు వివరాలు చూసుకోమంటారు. ఇదివరకు "సరే సార్" అని వేలిముద్ర వేసి వచ్చేవాళ్లు. ఇప్పుడు ఆమె నిలబడి తన పేరు, భర్త పేరు, ఊరి పేరు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని చదవవచ్చు. పాస్‌పోర్టులో పేరు ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి ఆ అక్షరాలు ముందే ఒక చీటీ మీద రాయించుకొని పోతే పోల్చి చూసుకోవచ్చు. వెనక వరస కొంచెం విసుక్కుంటుంది, విసుక్కోనీ.

పాస్‌పోర్టు స్పీడు పోస్టులో వస్తుంది. పోస్టుమాను దాన్ని ఆమె చేతికే ఇవ్వాలి, ఏజెంటు చేతికి కాదు.