ఇంట్లో కట్టిన కారు



మనం ఇంట్లో అప్పడాలు ఒత్తుకుంటాం, ఊరగాయలు పెట్టుకుంటాం, మిషనుంటే జాకెట్లు కుట్టుకుంటాం. కారు కట్టుకోవడమేమిటి, యీవిడకేమైనా మతిపోయిందా అనుకుంటున్నారు గదూ? నేనూ మొదట అలాగే అనుకున్నాను. కిందటేడు వేసవిలో ఇంగ్లండులో ఉన్న మా అక్కయ్య దగ్గరకు వెళ్లి రెండు నెలలున్నాను. వాళ్ల షెడ్డులో అక్కయ్య కొడుకు ఒక చిన్న స్పోర్ట్సు కారును విడి భాగాలతో తన చేత్తోనే బిగిస్తున్నాడు. అక్కయ్య మాత్రం ఆ షెడ్డు గడప తొక్కేది కాదు. "అది రోడ్డు మీద ఊడిపోతే వీడి గతేమిటే?" అని ఆవిడ దిగులు. ఆ దిగులుకు జవాబు వెతుక్కుంటూ నేను చూసి తెలుసుకున్న సంగతులే ఇవాళ మీకు చెబుతాను.

ముందు యీ సరదా అక్కడ ఎలా మొదలైందో వినండి. లోటస్ కంపెనీ స్థాపించిన కాలిన్ చాప్‌మన్ 1957లో 'సెవెన్' అనే రెండు సీట్ల కారు తెచ్చాడు. ఆ రోజుల్లో బ్రిటన్‌లో తయారైన కారు కొంటే కొనుగోలు పన్ను పడేది. విడి భాగాలు కొని ఇంట్లో బిగించుకుంటే ఆ పన్ను లేదు. అంచేత డబ్బు తక్కువా ఓపిక ఎక్కువా ఉన్న కుర్రకారు యీ దారి పట్టారు. 1973లో ఆ పన్ను పోయి వ్యాట్ వచ్చింది. ఆ ఏడే సెవెన్ తయారుచేసే హక్కులు కేటర్‌హామ్ సంస్థ చేతికి వెళ్లాయి. పన్ను లాభం పోయినా సరదా పోలేదు. 1996లో రాన్ చాంపియన్ అనే ఆయన 250 పౌన్లతో స్పోర్ట్సు కారు కట్టుకునే విధానం గురించి పుస్తకం రాశాక, పాత కారు భాగాలు తెచ్చుకుని చట్రం కూడా ఇంట్లోనే వెల్డింగు చేసుకునేవాళ్లు బయల్దేరారు.

ఆ కారు గొప్పతనమంతా బరువు తక్కువ కావడంలో ఉంది. సన్నని ఉక్కు గొట్టాలను బోనులా అతికి, చుట్టూ అల్యూమినియం రేకు వేస్తారు. మొత్తం బరువు 500 కిలోలకు కాస్త అటూ ఇటూ. మన దేశంలో 2014 దాకా తయారైన అంబాసిడరు వెయ్యి కిలోల పైచిలుకు. బరువు తగ్గితే చిన్న ఇంజనుతోనే చురుగ్గా పరుగెత్తుతుంది, బ్రేకు వేస్తే త్వరగా ఆగుతుంది.

ఇక కట్టే పద్ధతి. చట్రాన్ని గట్టి స్టాండ్ల మీద నిలబెడతారు. ఒక్క జాకీని నమ్ముకుని కారు కింద దూరకూడదు సుమండీ, అది జారితే ప్రాణాపాయం. తర్వాత చక్రాలను పట్టి ఉంచే చేతులు, స్ప్రింగులు, స్టీరింగు, బ్రేకు గొట్టాలు, ఆపైన ఇంజనూ గేరుపెట్టె, వైర్లు, సీట్లు. మావాడికి శని ఆదివారాలు మాత్రమే కుదిరి పదహారు నెలలు పట్టింది.

నట్టు బిగించడానికి కొలత ఉంటుందని నాకక్కడే తెలిసింది. టార్క్ రెంచి అనే పనిముట్టు మీద కావలసిన అంకె పెట్టుకుని బిగిస్తే, అంత బిగువు రాగానే టక్కుమంటుంది. తక్కువైతే ఊడుతుంది, ఎక్కువైతే బోల్టు సాగి తెగుతుంది. అలా బిగించిన ప్రతి నట్టుకూ మావాడు పసుపు పెయింటుతో, నట్టు మీదా పక్కనున్న ఇనుము మీదా కలిసేట్టు బొట్టు పెట్టేవాడు. నట్టు కదిలితే బొట్టు రెండు ముక్కలై కనబడుతుంది. బొట్టు లేని నట్టంటే ఇంకా బిగించలేదన్నమాట.

ఒకనాడు "పిన్నీ, కాస్త వచ్చి బ్రేకు తొక్కుతావా?" అని పిలిచాడు. బ్రేకు గొట్టాల్లో ఉండే ద్రవం మన కాలి ఒత్తిడిని చక్రం దాకా తీసుకుపోతుంది. ద్రవం నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. గొట్టంలో గాలి బుడగలుంటే పెడలు దూదిమూట తొక్కినట్టుంటుంది, కారు ఆగదు. అంచేత ఒకరు పెడలు తొక్కి పట్టుకుంటే, ఇంకొకరు చక్రం దగ్గరి చిన్న మర విప్పి, బుడగలను ద్రవంతో పాటు సీసాలోకి వదలాలి. మర మూసేదాకా కాలు తీయకూడదు, తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది. నాలుగు చక్రాలకూ అలా చేశాం.

చివర్న గట్టిగా తొక్కి పట్టుకున్నాను. గట్టిగానే ఉంది గానీ, కాసేపటికి పెడలు మెల్లిగా కిందికి దిగుతోంది. చెబితే, "కొద్దిగానే గదా పిన్నీ, రేపు చూద్దాం, ఇవాళ ఇంజను స్టార్టు చేద్దాం" అన్నాడు. "గ్యాసు గొట్టం కొద్దిగానే కారుతోందని వంట మొదలెడతామా నాన్నా?" అన్నాను. వాడు నవ్వి, ప్రతి జాయింటు కిందా తెల్లకాగితం పరిచాడు. వెనక చక్రం దగ్గర కాగితం తడిసింది. అక్కడ గొట్టం చివర సరిగ్గా మలచలేదని తేలింది. కొత్త గొట్టం వేసి, మొదటి నుంచీ మళ్లీ బుడగలు తీశాం. ఆ సాయంత్రం పెడలు రాయిలా నిలబడింది.

తర్వాత ట్యూనింగు. ముందు స్పార్కు ప్లగ్గులు తీసేసి, ఆయిలు ఒత్తిడి ముల్లు లేచేదాకా ఇంజను ఊరికే తిప్పాడు. ఆ తర్వాతే స్టార్టు చేశాడు. అదీ షెడ్డు తలుపులు బార్లా తీసి. మూసిన గదిలో ఇంజను పొగ ప్రాణం తీస్తుంది, అందులోని విషవాయువుకు వాసన కూడా ఉండదు. ఇంజను సవ్యంగా మండాలంటే 1 కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గాలి తక్కువైతే మన స్టవ్వు పచ్చమంటతో గిన్నెలకు మసి పట్టించినట్టే, ప్లగ్గు నల్లబడుతుంది. గాలి మరీ ఎక్కువైతే తెల్లగా పాలిపోయి, ఇంజను వేడెక్కుతుంది. లేత గోధుమరంగు ఉంటే సరి. అతని ఇంజనుకు రెండు కార్బురేటర్లు. రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గరా, రెండో కొస కార్బురేటరు నోటి దగ్గరా పెట్టి బుసను వింటారు. రెండింటి బుసా సమానంగా ఉండాలి. ఒకసారికి ఒక్క మరే తిప్పి, నోటుబుక్కులో రాసుకోవాలి. పులుసులో ఉప్పూ కారం ఒకేసారి మార్చేస్తే రుచి దేనివల్ల చెడిందో ఎలా తెలుస్తుంది?

అంతా అయినా వెంటనే రోడ్డెక్కనివ్వరు. 2009 నుంచి అక్కడ ఇలాంటి కార్లకు ఐ.వి.ఎ. అనే పరీక్ష ఉంది. బ్రేకులు, దీపాలు, బెల్టులు, పొగ, మోత, ఆఖరికి రేకు అంచుల పదును కూడా చూస్తారు. మన దేశంలోనైతే 1988 నాటి మోటారు వాహనాల చట్టం కింద, కంపెనీ చేసిన బండిని మార్చటానికే ఎన్నో ఆంక్షలున్నాయి. అంచేత మీ అబ్బాయి ఇక్కడ ఇలాంటి ముచ్చట పడితే, డబ్బు పెట్టకముందే రవాణా ఆఫీసులో కనుక్కోమనండి.

రోడ్డెక్కాక కూడా పని తీరదు. మొదటి 80 కిలోమీటర్లకు చక్రాల నట్లు మళ్లీ బిగించాలి, బొట్లన్నీ చూసుకోవాలి. బ్రేకు ద్రవం గాలిలోని తేమ పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి.

మావాడిని మొదటిసారి రెండు చోట్ల అంచు పదునుగా ఉందని తిప్పి పంపారు. రెండోసారి నెగ్గాడు. నేనప్పటికి తిరిగి వచ్చేశాను. ఒక ఆదివారం అక్కయ్య ఫోను చేసింది. "ఎక్కానే. జుట్టంతా రేగిపోయింది. ఎక్కేముందు బొట్లన్నీ లెక్కపెట్టుకున్నాలే" అంది.

పిల్లల పని చూసి భయం వేస్తే షెడ్డు బయటే నిలబడకండి. లోపలికి వెళ్లి, ఇదెందుకు, అదెందుకు అని అడగండి. మనకు తెలియదని వాళ్లు నవ్వినా ఫరవాలేదు. చెప్పేటప్పుడు వాళ్లే ఇంకోసారి చూసుకుంటారు.