మీకు తెలుసా? బుడగకు కేలరీ లేదు!

ఆల్కహాల్ లేని స్పార్క్లింగ్ వైన్ తాగితే ఒళ్ళు పెరగదంటారు. అందులో నిజం ఎంత? సీసా మూత తీయగానే పైకి తన్నుకొచ్చే పొంగు కార్బన్ డయాక్సైడ్ వాయువు. దానివల్ల ఒంటికి చేరే కేలరీలు సున్నా. లెక్కలోకి వచ్చేవి ఆల్కహాలు, చక్కెర. గ్రాము చక్కెరకు 4 కేలరీలైతే, గ్రాము ఆల్కహాలుకు 7. పన్నెండు శాతం ఆల్కహాలున్న వైన్ 150 మిల్లీలీటర్లు తాగితే, ఒక్క ఆల్కహాలు నుంచే దాదాపు వంద కేలరీలు వస్తాయి. దాన్ని తీసేస్తే ఆ వందా పోతాయి, చక్కెర మాత్రం ఉండిపోతుంది. రుచి పలచబడకుండా కొందరు ద్రాక్షరసం కలుపుతారు కాబట్టి సీసా మీద చక్కెర ఎంతో చూసి కొనాలి.

మరి వైన్ నుంచి ఆల్కహాలు తీసేదెలా? అది 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అంత వేడి తగిలితే వైన్ వాసన చెడుతుంది. అందుకే పాత్రలో గాలి తీసేసి, పీడనం తగ్గించి, 30 డిగ్రీల చుట్టుపక్కలే ఆల్కహాలును ఆవిరి చేస్తారు. మన దేశంలో ఆల్కహాలు 0.5 శాతం దాటితేనే మద్యం కింద లెక్క. కాబట్టి 'ఆల్కహాల్ లేనిది' అన్నా చుక్క కూడా ఉండదని కాదు. అసలే వద్దనుకునేవాళ్ళు ఇది గమనించాలి.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ఎండల్లో మనకు తెలిసిన పొంగు గోలీసోడాది. దాని కథ కూడా మద్యం దగ్గరే మొదలైంది! 1767లో ఇంగ్లండులోని లీడ్స్‌లో జోసెఫ్ ప్రీస్ట్లీ తన ఇంటి పక్క బీరు బట్టీలో, పులుస్తున్న తొట్టి మీద తేలే వాయువును నీళ్ళలో కలిపి చూశాడు. 1872లో హైరమ్ కాడ్ గోలీ సీసాకు పేటెంటు తీసుకున్నాడు. సీసాను తలకిందులు చేసి గ్యాసు ఎక్కిస్తే గోలీ మెడలోకి జారుతుంది. లోపలి ఒత్తిడే దాన్ని రబ్బరు చుట్టుకు గట్టిగా అదిమిపెడుతుంది. బిరడా లేదు, మేకు లేదు, లోపలున్న గ్యాసే మూతకు కాపలా. ఇంత తెలివైన సీసా మరొకటి నేను చూడలేదు. తాగేటప్పుడు గోలీ అడ్డురాకుండా మెడలో నొక్కులు కూడా పెట్టారు.

ఉత్త సోడాకు కేలరీల్లేవు. అరచెక్క నిమ్మకాయ, చిటికెడు ఉప్పు వేస్తే అయిదారు కేలరీలు. బీపీ ఉన్నవాళ్ళు ఆ ఉప్పు మానేయాలి. చెంచా చక్కెరతో మరో ఇరవై. నన్నారి సోడా మాత్రం వేరే లెక్క. నన్నారి వేరుది తప్పేమీ లేదు, తప్పంతా పాకానిదే. గ్లాసులో పోసే పాకంలో 20 గ్రాముల చక్కెర ఉంటే 80 కేలరీలు వచ్చినట్టే, అంటే వైన్ గ్లాసులో ఆల్కహాలిచ్చే వందకు దగ్గర. పాకం సగం చేసి నిమ్మరసం పెంచమని అంగడాయనకు చెప్పండి.

పుట్టినరోజుకు గ్లాసులెత్తాలనుకుంటే పులివెందుల చీనీలున్నాయి. వంద మిల్లీలీటర్ల చీనీ రసంలో సుమారు 40 కేలరీలు. చక్కెర వేయకుండా, అంతే కొలత చల్లటి సోడా కలపండి. షుగరున్నవాళ్ళు రసం ఇంకా తగ్గించుకోవాలి. ముందు రసం పోసి, గ్లాసు వంచి, అంచు వెంట సోడా మెల్లగా జార్చండి. చెంచాతో తిప్పొద్దు, తిప్పితే గ్యాసంతా పోతుంది.