మన పిల్లలు చదివే బడి

ముస్లిం పిల్లలంతా మదరసాలకే పోతారనే వారు ఇప్పటికీ ఉన్నారు. మదరసాలో చదువుకున్న మాకే నవ్వొస్తుంది! 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ప్రకారం బడికెళ్లే ముస్లిం పిల్లల్లో మదరసాల్లో ఉన్నది నూటికి నలుగురే. 66 మంది సర్కారు బడిలోనే చదివేవారు.

అసలు బాధ వేరు. 6-14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని ఆ నివేదికే చెప్పింది. ఇంట్లో ఉర్దూ, పలక మీద తెలుగు. పంతులమ్మ మాట అర్థంకాక గమ్మున కూర్చున్న పిల్లవాడికి మొద్దు అన్న పేరు! కొన్నాళ్లకు పేరు రిజిస్టరులో, వాడు మెకానిక్ షెడ్డులో.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం స్త్రీలుండాలి. మస్జిద్ కమిటీకి పోటీపడే మనకు ఈ కమిటీ గుర్తుకు రాదేం? సోదరీమణులారా, మీటింగు కబురొస్తే వెళ్లండి. హాజరుపట్టీ చూపమనండి. ఉర్దూ టీచరు పోస్టు ఖాళీగా ఉంటే ఎందుకని అడగండి.